పిల్లులు నాకని చుక్క

మా బావ లారీ వాకిట్లోంచి కదిలి వెళ్లాక మిగిలే నేలను చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది. నేల నిండా చేపనూనె చుక్కలు. కళ్లాపి చల్లితే నూనె మీద నీళ్లు నిలవవు, పేడ అంటదు. దాని మీద ముగ్గుపిండి వేస్తే గీత గీతలా ఉండదు, ముద్దయిపోతుంది. ఎదురింటివాళ్ల ముగ్గు కళకళలాడుతుంటే మా వాకిలి మాత్రం చేపలు ఎండబెట్టిన చోటులా వాసన కొట్టేది. మా కోవూరు చుట్టూ వరిమళ్లే. సముద్రం చాలా దూరం. అయినా మా ఇంటికి మాత్రం అది రోజూ వచ్చి పోతున్నట్టు ఉండేది.

లారీకి చేపనూనె ఏమిటని కొత్తవాళ్లు అడిగేవాళ్లు. మాది ఉప్పు మోసే లారీ. ఒడ్డున ఉప్పుమళ్ల దగ్గర బస్తాలు ఎక్కించుకుని బిట్రగుంట గూడ్సు షెడ్డులో దించడం, తిరుగుదారిలో ధాన్యమో కట్టెలో దొరికితే వేసుకురావడం దాని పని. ఉప్పు ఇనుమును తినేస్తుంది. బస్తాల్లోంచి కారే నీళ్లూ, ఒడ్డున వీచే గాలీ కలిస్తే కొత్త రేకు కూడా ఏడాది తిరిగేసరికి చిల్లులు పడుతుంది. అందుకని ఆ దారిలో తిరిగే లారీలవాళ్లంతా బండి అడుగుభాగానికి ఏదో ఒక నూనె పూసేవాళ్లు. మిగిలినవాళ్లు ఇంజనులోంచి తీసేసిన పాత ఆయిలు పూసేవాళ్లు. మాకు మాత్రం చేపనూనె కావాలి. దానికి కారణం మా క్లీనరు.

క్లీనరంటే ఏ కుర్రవాడో అనుకునేరు. మా బావకంటే వయసులో పెద్ద. ఒడ్డున ఉన్న జాలర్ల పాలెంలో పుట్టి, సగం జీవితం చేపల వేటకు పోయి, సముద్రం మీద విసుగు పుట్టి లారీ ఎక్కినవాడు. పెద్దవాడైనా మా బావను అన్నా అనే పిలిచేవాడు. స్టీరింగు పట్టినవాడే పెద్ద అని ఆయన లెక్క. పడవ చెక్కకు చేపనూనె పట్టిస్తే ఉప్పునీళ్లు దాన్ని ఏమీ చెయ్యలేవని ఆయన పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాడు. వారం వారం పాలెం నుంచి డబ్బాతో నూనె తెచ్చి, గోనెగుడ్డ ముంచి, లారీ కిందికి దూరి, చేయి అందిన చోటల్లా పూసేవాడు.

“పడవను కాపాడింది, దీన్ని కాపాడదా అమ్మా?” అనేవాడు నేను సణిగినప్పుడల్లా.

ఈ ఏర్పాటు వల్ల సుఖపడింది వీధిలో పిల్లులు. లారీ అటు పోగానే ఇటు వచ్చి నేల మీది చుక్కలన్నీ నాకేవి. వాటి పుణ్యమా అని నాకు కొంత పని తగ్గేది. అయినా వాటిని చీపురుతో తరమకుండా ఉండేదాన్ని కాదు. నా వాకిట్లో నేను తప్ప ఇంకెవరు పెత్తనం చేసినా నాకు గిట్టదు.

మా ఆయన నాకు మేనత్త కొడుకు. పెళ్లికి ముందు బావా అని పిలిచేదాన్ని, పెళ్లయ్యాకా అదే పిలుపు. మా అత్తకు కోడలినయ్యాక కూడా మేనకోడలి చనువు పోలేదు కనుక ఆ ఇంట్లో నా నోటికి అడ్డు లేదు. బావ మితభాషి. ఆయన మాట్లాడవలసిన మాటలు కూడా నేనే మాట్లాడేస్తానని మా అత్త నవ్వేది. యుద్ధకాలంలో మిలిటరీ లారీలు నడిపి, తిరిగొచ్చాక అలాంటి లారీనే ఒకటి కొనుక్కున్నాడు. ఆ బండీ ఆయనా ఒక వయసువాళ్లే అన్నట్టు ఉండేవారు.

ఇప్పటి బండ్లలో స్టీరింగు చిటికెన వేలితో తిప్పినా తిరుగుతుంది. ఆ రోజుల్లో అలా కాదు. నిండా ఉప్పు ఎత్తిన లారీని మలుపు తిప్పాలంటే భుజాలతో తిప్పాలి, నడుముతో తిప్పాలి, ఒక్కోసారి సీటులోంచి లేచి నిలబడి తిప్పాలి. డ్రైవరంటే ముందు చేతులు చూసేవాళ్లు. మా బావ చేతులు అందుకు పెట్టింది పేరు. పెళ్లి పందిట్లో పొయ్యి మీద నుంచి అన్నం గుండిగ దించాలంటే అందరూ ఆయన కోసం వెతికేవాళ్లు. ఆ సంగతి ఆయన ఎన్నడూ చెప్పుకోలేదు గాని, పిలిస్తే మాత్రం చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ వెళ్లే తీరులో ఆ గర్వమంతా తెలిసిపోయేది.

అరవైల మొదట్లో ఒక వానాకాలం ఆయనకు విషజ్వరం వచ్చింది. మనిషి దక్కుతాడా అనుకున్నాం. దక్కాడు. లేచి కూర్చుని, గంజి నుంచి అన్నానికి వచ్చి, కర్ర లేకుండా వీధి చివరిదాకా నడిచి, చివరికి లారీ ఎక్కాడు. అప్పటి నుంచీ మొదలైంది ఆ బాధ. స్టీరింగు బరువుగా ఉందన్నాడు. జ్వరం పడి లేచావు కదా, కొన్నాళ్లు అలాగే ఉంటుందిలే అన్నాం. కొన్నాళ్లు గడిచాయి. బరువు తగ్గకపోగా పెరిగింది. సాయంత్రం ఇంటికి వచ్చాక చెంబు ఎత్తి నీళ్లు తాగడానికి కూడా ఎడమచేత్తో ఆసరా పట్టేవాడు.

ఇంక మా అత్త రంగంలోకి దిగింది. రోజూ నువ్వులనూనె వెచ్చజేసి కొడుకు భుజాలకు మర్దనా చేసేది. గుడ్డలో ఉప్పు మూటగట్టి పెనం మీద కాచి కాపడం పెట్టేది. నాటుకోడి పులుసు, మెంతుల ముద్ద, రాగిసంగటి, ఎవరేం చెబితే అది. ఇంట్లో ఉన్న కోళ్లన్నీ ఆ చేతుల కోసమే ప్రాణాలు వదిలాయి. నేను వండి వార్చి పెడుతూ, ఇంత తిన్నా మనిషికి సత్తువ రాదేమని లోలోపల బెంగపడేదాన్ని. బండిలో లోపమేమో అని ఒక్కరికీ తట్టలేదు. జ్వరం వచ్చింది మనిషికి కదా.

ఉప్పుమళ్ల నుంచి వచ్చే దారిలో కాలువ గట్టు మీద ఒక ఇరుకు మలుపు ఉంది. ఎండాకాలం మొదట్లో ఒకనాడు నిండు లోడుతో వస్తూ ఆ మలుపులో బావ స్టీరింగును పూర్తిగా తిప్పలేకపోయాడు. ముందుచక్రం గట్టు దాటి గాల్లోకి వెళ్లింది. బ్రేకు తొక్కాడు గనుక లారీ ఆగింది, లేకపోతే కాలువలో పడేది. ఉప్పుమళ్ల కూలీలు వచ్చి బస్తాలు దించి, తాళ్లు కట్టి వెనక్కి లాగారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఈ సంగతంతా నాకు క్లీనరు చెప్పాడు. బావ మాత్రం ఆ పూట అన్నంలో చేయి పెట్టి కూర్చున్నాడు, తినలేదు.

ఆ తర్వాత కొద్ది రోజులకే బుచ్చిరెడ్డిపాలెంలో ధాన్యం వ్యాపారం చేసే ఒక పెద్ద ఆసామికి లారీ ఇచ్చేస్తానని మాట ఇచ్చి వచ్చాడు. తాంబూలం కూడా పుచ్చుకున్నారు. తాంబూలం చేతులు మారిందంటే మా వైపు ఇంక బేరం తిరగదు. వచ్చే దశమి నాడు ఆసామి వచ్చి బండి తోలుకుపోతాడు. తాను ఉప్పు కొఠారులో మేస్త్రీగా కుదురుకుంటానని, బస్తాలు లెక్క చూసుకోవడమే పని అని, ఇవన్నీ అయిపోయాక నాకు చెప్పాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“ఒక మాట నాతో అనబళ్లేదా బావా? నేనేమన్నా పొరుగింటిదాన్నా?”

“అంటే ఏం జేస్తావు? నా చేతులు మారస్తావా?”

నేను వంటింట్లోకి వెళ్లి గిన్నెలతో పోట్లాడాను. ఆ లారీ అంటే నాకు ఏనాడూ ఇష్టం లేదు. అది పోతే చేపనూనె వాసన పోతుంది, నా వాకిలి నాకు దక్కుతుంది. అలా అనుకుని సంతోషించబోయాను గాని కుదరలేదు. కొఠారు గుమ్మంలో బల్ల వేసుకుని కూర్చుని, వేరేవాళ్లు లారీలు తిప్పుకుంటూ పోతుంటే చూస్తూ ఉండే మా బావను తలుచుకుంటే అన్నం సహించలేదు.

దశమి ఇంకా కొద్ది రోజులు ఉందనగా, ఒక పొద్దున లారీ వెళ్లిపోయాక చీపురు తీసుకుని వాకిట్లోకి వచ్చాను. పిల్లులు అప్పటికే పనిలో ఉన్నాయి. వాటిని అదిలించబోయి ఆగాను. నేల మీద చక్రాల గుర్తులు స్పష్టంగా ఉన్నాయి. ఆ గుర్తుల మధ్య పడిన చుక్కలన్నీ నాకేస్తున్నాయి గాని, డ్రైవరు కూర్చునే వైపు ముందుచక్రం పక్కన పడిన ఒక చుక్క దగ్గరికి మాత్రం పోవడంలేదు. ఒక పిల్లి మూతి దించి, వాసన చూసి, తల విదిలించి పక్కకు పోయింది. చూస్తే అది మిగతా వాటికంటే పెద్దదీ, చిక్కటిదీ.

వేలితో తాకి వాసన చూశాను. చేప వాసన కాదు. దీపావళి మందులాగా ఘాటుగా, ముక్కులోకి పొడుచుకొచ్చింది. రోజూ బావ బట్టలు ఉతికే నాకు చేపనూనె సంగతి ఎవరూ నేర్పనక్కర్లేదు. ఇది వేరే నూనె. ఎన్నాళ్ల నుంచి కారుతోందో. చేపనూనె చుక్కల మధ్య ఇది కూడా ఒకటి అనుకుని రోజూ మట్టి కప్పి ఊడ్చేస్తున్నాం.

సాయంత్రం బావ రాగానే చెప్పాను. ఆయన చెప్పులు విప్పుకుంటూ విన్నాడు.

“అమ్మేసే బండే గదా. కారితే కారనీ.”

“కారే బండిని ఆ పెద్దమనిషికి అంటగడతావా? బాగుండాదని చెప్పి గదా తాంబూలం తీసుకున్నావు.”

ఇది తగిలింది. ఆయన నా వైపు చూసి, మళ్లీ చెప్పులు తొడుక్కుని బయటికి పోయాడు. తన కోసమైతే ఆ మనిషి వంగి చూసేవాడు కాదు. ఎదుటివాడికి లోపమున్న వస్తువు ఇవ్వకూడదన్న పట్టుదల ఆయన్ని లారీ కిందికి దూర్చింది. దూరి ఏం చేస్తాడు పాపం, కింద అంతా నూనే. పైన పూసింది ఏదో, లోపలి నుంచి కారేది ఏదో బ్రహ్మకు కూడా తెలియదు. ఏళ్ల తరబడి పూసిన చేపనూనె ఎండి, బంకగా పేరుకుని, దాని మీద ఇసుక అంటుకుని, ఆ ఇసుక మీద మళ్లీ నూనె. ఎక్కడ తడిమినా చేతికి జిడ్డే అంటింది.

మర్నాడు లారీ కదల్లేదు. క్లీనరుకు కిరసనాయిలు ఇచ్చి ఆ ముందుభాగమంతా కడగమన్నాడు బావ. క్లీనరు ముఖం మాడ్చుకున్నాడు. పూసిన నూనెను కడిగెయ్యడం ఆయనకు ప్రాణసంకటం. గొణుక్కుంటూనే పాతగుడ్డలతో తుడిచి, బూడిదతో తోమి, ఇనుము రంగు బయటపడేదాకా శుభ్రం చేశాడు. అయినా ఎక్కడి నుంచి కారుతోందో తెలియలేదు. తడి చాలా కొద్దిగా ఊరుతోంది, ఊరినది ఊరినట్టు నల్లటి ఇనుము మీద పరుచుకుపోతోంది. నలుపు మీద నలుపు ఏం కనబడుతుంది.

అప్పుడు నేను లోపలికి వెళ్లి ముగ్గుపిండి డబ్బా తెచ్చాను.

“ఇదెందుకు మే?” అన్నాడు బావ.

“చల్లి చూడండి. తడి అయిన చోట పిండి నల్లబడదా? రోజూ నా ముగ్గుకు మీరు చేసేదే గదా.”

ఆయన నవ్వాడు. ఎన్ని నెలల తర్వాతో ఆయన నవ్వడం. క్లీనరు వెల్లకిలా పడుకుని గుప్పెడు గుప్పెడు పిండి పైకి విసిరాడు. సగం పిండి ఆయన ముఖం మీదే పడింది, మా అత్త గుమ్మంలో కూర్చుని పడీపడీ నవ్వింది. ముందుభాగమంతా తెల్లగా అయ్యాక బావ సీటెక్కి, పళ్లు బిగించి, స్టీరింగును ఒకసారి ఆ చివరికీ ఒకసారి ఈ చివరికీ తిప్పసాగాడు. నేను చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని పక్క నుంచి వంగి చూస్తున్నాను.

స్టీరింగు కడ్డీ కిందికి దిగే చోట కొబ్బరికాయంత ఇనప పెట్టె ఒకటి ఉంటుంది. అందులో పళ్ల చక్రాలు చిక్కటి నూనెలో మునిగి ఉంటాయి. పైన మనం తిప్పే తిప్పుడును చక్రాలకు చేరవేసేది అదే. ఆ పెట్టె అడుగు నుంచి ఒక ఇరుసు బయటికి వస్తుంది. ఆ ఇరుసు చుట్టూ తెల్లటి పిండి మీద సన్నగా, గోరుతో గీసినట్టు ఒక నల్లటి గీత కనబడింది. చూస్తుండగానే అది వెడల్పయి, కింద ఒక బొట్టుగా వేలాడింది.

“ఇదుగో, ఈడుండాది” అన్నాను. లారీ కింద నుంచి క్లీనరూ, పైన నుంచి బావా ఒకేసారి తలలు పెట్టారు.

బాగు చేయించడం మా వల్ల అయ్యే పని కాదు. పెన్న దాటి నెల్లూరులో మెకానిక్కు షెడ్డుకు పోవాలి. అక్కడ మా చెల్లెలి ఇల్లు ఉంది, చూసి చాలా రోజులయిందని నేను కూడా లారీ ఎక్కాను. చెల్లెలు వంక మాత్రమే. ఆ చుక్క నాది. దాని సంగతి తేలేదాకా ఇంట్లో కూర్చోవడం నా చేత కాదు. షెడ్డు దగ్గర ఆడవాళ్లు దిగే వాడుక లేదు కనుక లారీ ముందుసీటులోనే కూర్చుని కిటికీలోంచి అంతా విన్నాను.

మెకానిక్కు లావుపాటి మనిషి, బుగ్గన తమలపాకుల ముద్ద. పెట్టె మీద నూనె పోసే చోట ఉన్న మూత విప్పబోతే అది రాలేదు. చేపనూనె బంకకట్టి దాన్ని సీలు వేసినట్టు పట్టేసింది. సుత్తితో తట్టి తట్టి విప్పాడు. తీగ ఒకటి లోపలికి దింపి బయటికి తీశాడు. తీగకు నూనె అంటలేదు. చివర మాత్రం ఇనుపరజను కలిసిన కొద్దిపాటి గుజ్జు. దాన్ని వెలుగులో పెట్టి చూశాడు. తీగ కింద పడేసి మా బావ చేతుల వైపు చూశాడు.

“ఈ పెట్టె ఎండి ఎన్నాళ్లయిందో ఏమో. అడుగున మిగిలిందే బొట్టు బొట్టుగా కారతా వచ్చింది. లోడుతో దీన్ని నువ్వొక్కడివే తిప్పతా ఉండావా?”

“నేనే.”

“దీన్ని తిప్పాలంటే ఇద్దరు మనుషులుండాల. ఏం చేతులయ్యా నీవి?”

నేను కిటికీ దగ్గరికి జరిగి బావ ముఖం చూశాను. మెకానిక్కు మళ్లీ పనిలో పడిపోయాడు. ఆయనకు అది ఒక మాట మాత్రమే. బావ మాత్రం అక్కడే నిలబడి, ఎవరో తనను పేరు పెట్టి పిలిస్తే ఎటు నుంచి వినబడిందో తెలియనివాడిలా అటూ ఇటూ చూశాడు. నాకు మాత్రం ఒకేసారి నవ్వూ ఏడుపూ వచ్చాయి. నెలల తరబడి మేము ఎండిన పెట్టెను వదిలేసి మంచి చేతులకు మందు వేస్తున్నాం.

ఇరుసు బయటికి ఊడదీశాక తప్పు ఎక్కడుందో తేలింది. ఆ ఇరుసు చుట్టూ నూనె కారకుండా ఒక తోలుబిళ్ల బిగించి ఉంటుంది. చేపనూనె చెక్కకు మంచిదే. ఎండి గట్టి పొరలా పట్టుకుంటుంది, పడవకు కావలసింది అదే. కాని తిరిగే ఇరుసు దగ్గర ఆ బంకలో ఇసుకా ఉప్పూ చిక్కుకుని, స్టీరింగు తిప్పిన ప్రతిసారీ తోలుబిళ్ల అంచును ఆకురాయిలా అరగదీసింది. ఆ పని చేస్తూనే, కారిన నూనె కనబడకుండా పైన ముసుగు కూడా వేసింది. మెకానిక్కు ఆ బంకను గోటితో గీకి చూపించినప్పుడు మా క్లీనరు తల దించుకున్నాడు. పడవను కాపాడిన నూనె బండిని చెడగొట్టిందంటే ఆయనకు కాళ్ల కింద ఇసుక జారినట్టయింది.

“నీ తప్పేం గాదులే” అన్నాడు బావ ఆయనతో. “మిగతా ఇనుమంతా చూడు, ఇంకా ఎట్టా నిగనిగలాడతా ఉండాదో. ఈ ఇరుసు కాడ మాత్రం పుయ్యబాక.”

ఆ పాత మిలిటరీ లారీకి సరిపోయే బిళ్ల దుకాణాల్లో దొరకదు. మెకానిక్కు మందపాటి తోలు తెప్పించి, పాతదాని కొలతకు కోసి, నూనెలో నానబెట్టాడు. తోలు నానేలోపు ఇరుసు మీది తుప్పు మచ్చలను సన్నటి గరుకుకాగితంతో రుద్ది నునుపు చేశాడు. నేను చెల్లెలి ఇంటికి పోయి భోంచేసి, వాళ్లకు ఈ కథ సగం చెప్పి, మిగతా సగం నాకే తెలియాలి కనుక మళ్లీ వచ్చేశాను. వచ్చేసరికి కొత్త బిళ్ల బిగించి పెట్టెలో నూనె పోస్తున్నారు. పోస్తున్నకొద్దీ పట్టింది. ఎండన పడి వచ్చినవాడు మజ్జిగ తాగినట్టు తాగింది ఆ పెట్టె.

బావ లారీని ఇంటిదారి పట్టించాడు. పెన్న వంతెన దాటాక బజారు మలుపులో స్టీరింగు తిప్పాడు. లేచి నిలబడలేదు, పళ్లు బిగించలేదు. తిప్పి, తన చేతి కిందే తిరిగిన ఆ చక్రాన్ని వింతగా చూశాడు. మా వీధి వచ్చింది. లారీ ఆగలేదు. వీధి దాటి, బుచ్చిరెడ్డిపాలెం రోడ్డు మీద పొలాల దాకా పోయి, అక్కడ ఏ పనీ లేకుండానే లారీని వెనక్కి తిప్పి, మళ్లీ ఇంటివైపు వచ్చాడు. వెనకాల నిలబడ్డ క్లీనరు ఎందుకని అడగలేదు. నేను కూడా అడగలేదు. పొలాల మీద నుంచి గాలి వీస్తోంది, నాకు చాలా హాయిగా ఉంది.

ఆ హాయి ఇంటికి వచ్చేదాకానే. ఇంక బండి అమ్మే పని లేదు కదా అన్నాను, కాళ్లు కడుక్కుంటుండగా.

“తాంబూలం తీసుకున్నాను” అన్నాడు.

“సంగతి ఇదీ అని చెప్పరాదా ఆయనకు?”

“బండి బాగుపడిందని మాట తప్పేదా? ఇంక గమ్మునుండు.”

గమ్మునుండడం నాకు వచ్చిన విద్య కాదు. ఆ రోజూ మర్నాడూ నేను అన్న మాటలు రాస్తే కాగితం చాలదు. బావ అన్నింటికీ తల ఊపి, లారీని కడిగి, తుడిచి, పెళ్లికూతురిని చేసినట్టు చేసి నిలబెట్టాడు. చేతులు బాగున్నాయి, బండి బాగుంది, అయినా దశమి నాడు రెండూ విడిపోతాయి. అంతకంటే కడుపుమంట ఇంకేముంటుంది. మా అత్త కూడా కొడుకు వైపే. మాట అంటే మాటే అంది, చీర కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ.

దశమి పొద్దున ఆసామి బస్సు దిగి వచ్చాడు, వెంట తన డ్రైవరుతో. తలపాగా, చేతికర్ర, నిదానమైన మనిషి. డ్రైవరు లారీ ఎక్కి వీధి చివరిదాకా పోయి తిప్పుకొచ్చి, స్టీరింగు వెన్నలాగా ఉండాదని మెచ్చుకున్నాడు. బావ చేతులు కట్టుకుని నిలబడి, బండిలో ఫలానా లోపం ఉండేదనీ, తనకు తెలియక చెప్పలేదనీ, ఇప్పుడు బాగు చేయించాననీ చెప్పాడు. అంతవరకే చెప్పాడు. నేను మజ్జిగ గ్లాసు ఆసామి చేతికి అందించి, లోపలికి పోవలసినదాన్ని పోకుండా నిలబడ్డాను.

“అయ్యా, ఆయన బండి ఎందుకు అమ్మతానన్నాడో ఒకసారి అడగండి” అన్నాను.

బావ నా వైపు చూసిన చూపుకు ఇంకొకరైతే భయపడేవాళ్లు. ఆసామి మజ్జిగ తాగడం ఆపి, ఆయన వైపు తిరిగాడు.

“చేతుల్లో సత్తువ లేదంటివి గదబ్బయా ఆనాడు. ఇప్పుడెట్టా ఉండాది?”

అబద్ధం చెప్పడం బావకు రాదు. నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. “బాగుండాదండీ” అన్నాడు. “చేతులు ముందు నుంచీ బాగానే ఉండాయంట. పెట్టెలో నూనె లేదు.”

ఆసామి గ్లాసు ఖాళీ చేసి నాకు ఇచ్చాడు. కర్ర చేతిలోకి తీసుకున్నాడు.

“బండి తోలలేని మనిషి దగ్గర కొనేదానికి నేను ఒప్పుకున్నా. ఆ మనిషి ఈడ యాడా అగపళ్లేదే” అన్నాడు. తన డ్రైవరును దిగమని చెయ్యి ఊపి, “పదరా, బస్సు పోతాది” అంటూ నడిచిపోయాడు.

మా అత్త ఆయన్ని భోంచేసి పొమ్మని వీధి మలుపు దాకా వెంటబడింది. క్లీనరు లారీ తలుపు మీద చరుస్తూ ఏదో పాలెం పాట ఎత్తుకున్నాడు. నేను గెలిచినదానిలా చుట్టూ చూశాను. బావ కనబడలేదు.

లారీ వెనక, గోడకూ బండికీ మధ్య ఉన్న సందులో నిలబడి ఏడుస్తున్నాడు. జ్వరంతో చావు దాకా పోయినప్పుడు ఏడవలేదు. కాలువ గట్టు మీద ఏడవలేదు. నన్ను చూసి కళ్లు తుడుచుకునే ప్రయత్నం కూడా చెయ్యలేదు.

“నేను అయిపోయినాననుకున్నా మే” అన్నాడు.

ఆసామి ముందు నోరు తెరిచినందుకు ఆయన తిడితే, తిరిగి తిట్టడానికి నేను సిద్ధంగా వచ్చాను. ఆయన కుడిచెయ్యి పట్టుకుని, నా రెండు చేతుల మధ్య పెట్టుకుని నిలబడ్డాను. పట్టపగలు, వాకిట్లో. ఎవరైనా చూస్తే చూడనీ అనుకున్నాను.